రెక్కలకు పదహారు, ముఖానికి ఎనిమిది

మా ఆయన ఒలెబిలే సంచిలో ముందు దుప్పటి పెట్టాను. మళ్ళీ దాన్ని బయటికి తీసి, అడుగున చొక్కాలు పరిచి, దుప్పటి పైన పెట్టాను. దారిలో చలి వేస్తే ముందు చేతికి తగలాల్సింది అదే కదా. ఎండబెట్టిన మాంసం ముక్కలు గుడ్డలో మూట కట్టాను. మొత్లోపి చెట్టు వేళ్ళు వేయించి దంచిన కాఫీ పొడి సీసాలో పోసి, మూత ఊడుతుందేమోనని తాడు చుట్టాను. రేకు గ్లాసు పెట్టాను. సూదీ దారం పెట్టాను. సంచి మూతి కట్టాక ఏదో మరిచిపోయాననిపించి మళ్ళీ విప్పాను.

"ఇంకోసారి విప్పావంటే ఆ సంచిలో నువ్వే దూరి కూర్చో, మోసుకుపోతా," అన్నాడు మా ఆయన. గుమ్మంలో కూర్చుని బూట్లకు కొవ్వు రాసుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళకో చెప్పకపోతే ఎలా సర్దమంటావు?"

"సీతాకోకలు ఎందాకా పోతే అందాకా. వాటినే అడుగు."

అతను వెళ్తున్నది నిజంగానే సీతాకోకల వెంట. వానలు బాగా పడ్డ ఏడు ఎడారిలో ఉన్న మా లెహుతూతూ ఊరికి జనవరిలో, మాకు వానాకాలం నడుస్తుండగా, పడమటి నుంచి తెల్ల సీతాకోకలు వస్తాయి. మొత్లోపి చెట్ల మీద ఆగి గుడ్లు పెడతాయి, మళ్ళీ తూర్పుకు సాగిపోతాయి. పొద్దున మొదలైన ధార పొద్దుగూకే దాకా తెగదు. తూర్పు నుంచి వెనక్కి వచ్చిన సీతాకోకను మాలో ఎవరూ చూడలేదు.

అవి ఎక్కడికి పోయి ఆగుతాయో చూడాలని ఒక డాక్టరు అంతకు ముందు ఏడు మా ఊరు వచ్చాడు. జబ్బుల డాక్టరు కాదు, పురుగుల డాక్టరు. ఆ సంగతి తెలియక సగం ఊరు దగ్గులూ మోకాళ్ళ నొప్పులూ మోసుకెళ్ళి ఆయన గుడారం ముందు కూర్చుంది. ఆయన ట్రక్కు ఇసుకలో కూరుకుపోతే బయటికి లాగినవాడు ఒలెబిలే. అప్పటి నుంచి ఆ ట్రక్కు నడిపేది అతనే.

నాది ఫోటోల పని. బడిలో చదువుకోలేదు. కీర్తనల పుస్తకం మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాను. మిషను బడి పంతులమ్మ ఊరు విడిచి వెళ్తూ తన పాత కెమెరా, దాంతోపాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం నాకు ఇచ్చిపోయింది. ఆ పుస్తకం అర్థమవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. తర్వాత మా ఇంటి పక్కన రేకుల గది వేసి, గోడకు నీలం రంగు పూసి, గనులకు పోయే మగవాళ్ళకు ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు, ఫోటోలు భార్యల దగ్గర ఉండేవి.

ఆ పని ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి. నేను పాకే వయసులో మా నాన్న బంగారు గనికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అమ్మ పోయే ముందు ఒకరోజు, "మీ నాన్న ముక్కు ఎలా ఉండేదే?" అని నన్ను అడిగింది, నాకేదో తెలిసినట్టు. రోజంతా అదే అడిగింది. తర్వాత అన్న కూడా అదే దారిన వెళ్ళాడు. అతని నవ్వు వినిపిస్తుంది కానీ, నవ్వేటప్పుడు నోరు ఎలా ఉండేదో ఇప్పుడు నాకూ తెలియదు.

మా ఊరికి ఒక పద్ధతి ఉంది. వెళ్ళేవాడి ఫోటో ఏదైనా ముందే తీయించుకోవాలి. బయలుదేరే రోజున అతని ముఖం అడగకూడదు. అడిగితే ఇక నిన్ను చూడను అని నోటితో అన్నట్టే లెక్క. ఎంత తొందరలో ఉన్నా నా గదికి ప్రయాణం రోజున ఎవరూ వచ్చేవారు కాదు.

ఇంతమంది ముఖాలు తీసినదాన్ని, నా దగ్గర ఒలెబిలే ముఖం లేదు. పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలో అతని టోపీ మాత్రం పడింది. తర్వాత గదిలో నిలబెట్టినప్పుడల్లా కదిలేవాడు. నవ్వు ఆపుకోలేకపోయేవాడు. "ముసలాణ్ణయ్యాక తియ్యి, అప్పుడు కదలను," అనేవాడు. ఆ వానాకాలంలో ఎలాగైనా తీసి తీరాలని అనుకున్నాను. కానీ సీతాకోకల జాడ కోసం అతను చాలా రోజులు డాక్టరు గుడారంలోనే ఉండిపోయి, ముందురోజు చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. తెల్లారేసరికి సీతాకోకలు వచ్చేశాయి. అవి ముందురోజు చెప్పి రావు కదా. అవి వచ్చిన రోజే ట్రక్కు కదలాలి.

"ఒసే సెతున్యా, మొత్లోపి చెట్టుకు బట్టలు ఆరేసినట్టుంది, చూశావా!" అంటూ పక్కింటి తూతో వాళ్ళమ్మ కంచె మీదుగా తొంగి చూసింది. "మీ ఆయన పెళ్ళివారు వచ్చేశారు. పంపించేయ్ ఇక."

"సంచి విప్పుతూనే ఉంది వదినా. నన్ను పంపేలా లేదు," అన్నాడు ఒలెబిలే.

"విప్పనీలే తమ్ముడూ. విప్పే చేయి లేని ఇంటికి వెళ్తే అప్పుడు తెలుస్తుంది."

ఆ రోజు ఫోటో ఒకటి తీయాల్సి ఉంది. అది నా కోసం కాదు, డాక్టరు కోసం. ఆయన కెమెరాలో ఇసుక దూరి బిగుసుకుపోయింది. ఈ జాతి సీతాకోకకు తెల్ల రెక్కల మీద గోధుమ రంగు నరాలుంటాయి. ఆ నరాలు కనపడేలా, పక్కన కొలతకు ఒక మనిషి నిలబడి ఉండగా, చెట్టు నిండా వాలిన గుంపు ఫోటో కావాలి. లేకపోతే ఆయన చదువుకున్నచోట ఎవరూ నమ్మరట. "మా ఆవిడ తీస్తుంది," అని ఒలెబిలే మాట ఇచ్చేశాడు.

అంతకు ముందు ఏడు కూడా అలాగే మాట ఇచ్చాడు. నా పుస్తకంలో ఒక పేజీ ఉంది. వెలుతురు కొలిచే మీటరును తెల్ల వస్తువు మీద పెడితే అది మోసపోతుంది, తెలుపును బూడిద రంగు చేస్తుంది, కాబట్టి నీ చేతి వెనకభాగం మీద కొలువు అని రాసి ఉంది. నేను అలాగే నా చేయి ఎండలో పెట్టి కొలిచాను. ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది. అంకె పెరిగేకొద్దీ లెన్సు కన్నం చిన్నదవుతుంది. కన్నాన్ని ఎనిమిదికి తిప్పి ఫిల్ము రోలంతా తీశాను. కడిగి చూస్తే సీతాకోకలు లేవు. కొమ్మల మీద తెల్లటి మచ్చలు ఉన్నాయి, అంతే. డాక్టరు మర్యాదస్తుడు, బాగుంది అని జేబులో పెట్టుకున్నాడు. ట్రక్కు కూలీలు మాత్రం ఒలెబిలేను వదల్లేదు. "మీ ఆవిడ జొన్నపిండికి ఫోటో తీసిందిరా," అని ఏడాదంతా ఆడుకున్నారు.

తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. పుస్తకంలో మాటలు తప్పు కాదు. ఒకసారి దీపం దగ్గర అదే పేజీ తిప్పుతూ, మాటలు వదిలేసి బొమ్మ చూశాను. మీటరు కింద పెట్టిన ఆ చేయి తెల్లవాళ్ళ చేయి. నా చేతి వెనకభాగం నల్లటిది. నల్లటి దాన్ని చూసి మీటరు చీకటనుకుని కన్నం పెద్దది చెయ్యమంటుంది. అంత వెలుతురు పడితే తెల్ల రెక్కలు కాలిపోయి ఉత్త మచ్చలవుతాయి. ఆ పుస్తకం రాసినాయనకు నాలాంటి చేయి గుర్తుకు రాలేదు. అప్పుడు నా అరచేయి మీద కొలిచాను. ముల్లు పదకొండు దాటింది. పట్టపగటి ఎండలో ఇంకొంచెం బిగించి పదహారు పెట్టి చూశాను. చర్చి ఆడవాళ్ళ తెల్ల జాకెట్లు కుట్లతో సహా వచ్చాయి.

కానీ ముఖాలు బొగ్గయ్యాయి. పదహారులో తెలుపు దక్కుతుంది, మా రంగు ముఖం దక్కదు. ఎనిమిదిలో ముఖం దక్కుతుంది, తెలుపు దక్కదు. మీటరులో రెంటికీ కలిపి ఒక అంకె లేదు.

ఆ పొద్దున కెమెరాలో రెండే ఫోటోలు మిగిలి ఉన్నాయి. మిగతావి అంతకు ముందు వారం గనులకు పోయినవాళ్ళకు అయిపోయాయి. కొత్త ఫిల్ము రోళ్ళు తెచ్చే షావుకారు లారీ వానలకు దారిలో దిగబడిపోయింది. ఒకటి రెక్కలకు, ఒకటి ముఖానికి అని నేను మనసులో పంచుకున్నాను.

"రెండూ రెక్కలకే," అన్నాడు ఒలెబిలే చెట్టు వైపు నడుస్తూ. "ఒకటి చెడితే ఇంకోటి ఉంటుంది. పిండి అని ఇంకో ఏడాది అనిపించుకోలేను తల్లీ."

"నువ్వు కూడా ఉంటావుగా అందులో. నువ్వు కనపడొద్దూ?"

"నేనెందుకు? నేను కొలకర్రని. కర్రకు ముక్కూ కళ్ళూ ఏం పనికొస్తాయి?"

ముక్కు అనే మాట వినగానే నాకు అమ్మ గుర్తొచ్చింది. నీ ముఖం కావాలయ్యా అని అందామని నోటిదాకా వచ్చింది. సంచి గుమ్మంలో ఉంది. మింగేశాను.

రెండూ ఒకేసారి దక్కించుకునే ఉపాయం ఒకటుంది. ఎండకు ఎదురుగా తెల్లదుప్పటి పట్టుకుంటే ఆ వెలుతురు తిరిగి ముఖం మీద పడుతుంది. ముఖం కొంచెం తేలితే పదహారులోనే రెండూ వస్తాయి. పెట్టె అడుగున ఉన్న పెళ్ళి దుప్పటి తీసి తూతో వాళ్ళమ్మను పిలిచాను.

"ఇది పట్టుకుని ఆయన ముందు కూర్చో అక్కా. ఫోటోలో పడకుండా, కింద."

"పెళ్ళి దుప్పటి నేను పరిచేదేమిటే, సిగ్గులేకుండా," అంటూనే పరిచి పట్టుకుంది. "ఇటు తిప్పనా? అటా? చేతులు పడిపోతున్నాయి, తొందరగా కానీ."

"కొంచెం పైకి. ఇంకొంచెం. ఆఁ, అక్కడే."

వెలుతురు అతని గడ్డం కింద పడింది. టోపీ కింది నీడలోంచి చెంప, ముక్కు, కళ్ళ కింది గీతలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. నా కెమెరాలో తల వంచి పైనుంచి చూడాలి. లోపలి గాజు మీద బొమ్మ చిన్నగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. ఆ గాజు మీద అతని చుట్టూ తెల్లటి రెక్కలు ఆడుతున్నాయి. ముఖం ఉంది. రెక్కలూ ఉన్నాయి. నేను ఊపిరి బిగపట్టాను.

అప్పుడు సీతాకోకలు దుప్పటి మీద వాలాయి. తెల్లగా ఉన్నచోటికి తెల్లవి వస్తాయి కాబోలు. ముందు రెండు, తర్వాత గుంపు. తూతో వాళ్ళమ్మ కిచకిచలాడుతూ ఊదింది, విదిలించింది. "ఓసి మీ అమ్మ కడుపు మాడా, నా చంకలో దూరుతున్నాయే!" అని అరిచింది. ఒలెబిలే పగలబడి నవ్వాడు. ఇంతలో గాలి ఒక్క విసురు విసిరింది. దుప్పటి తెరచాపలా లేచి, ఆమెను వెనక్కి ఇసుకలో కూలేసి, కంచె ముళ్ళకు తగులుకుని బర్రున చిరిగింది.

ఊరి పక్క పల్లం అంచున డాక్టరు ట్రక్కు హారను మోగింది. సీతాకోకల ధార పలచబడుతోంది.

"ఇక తియ్యవే," అన్నాడు ఒలెబిలే. "పదహారు."

తీశాను. పదహారులోనే తీశాను. టోపీ కింద అతని ముఖం ఏమవుతుందో తీస్తున్నప్పుడే నాకు తెలుసు.

రోలు తిప్పాక నా వేలు కన్నం వలయం మీదికి వెళ్ళింది. ఎనిమిదికి తిప్పాను.

"మళ్ళీ దేనికి తిప్పావు?" అంది తూతో వాళ్ళమ్మ, ఒంటి మీద ఇసుక దులుపుకుంటూ. ఆమెకు కళ్ళు ఎక్కువ.

"ఇసుక పడింది, తుడిచాను."

ఒలెబిలే నా వైపే చూస్తున్నాడు. టోపీ వెనక్కి నెట్టుకున్నాడు, చెమట పట్టిందని. నేను అడగకుండానే ముఖం మొత్తం ఎండలోకి వచ్చింది. గాజులో చూస్తున్నాను. అటు తిరగకు, నన్నే చూడు అని ఒక్క మాట అంటే చాలు. అంటే, ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే, అడగకూడని రోజున అడిగినట్టు.

"కదలకు," అన్నాను. అదొక్కటే.

హారను రెండోసారి మోగింది. నా వేలు నొక్కేసింది. నొక్కుతుండగానే గాజులో అతను తిరిగిపోవడం కనిపించింది. అతను అటు తిరిగితే గాజులో ఇటు తిరిగాడు.

"అయిందా? రెండూ పదహారేగా?"

"ఊఁ."

అతను సంచి భుజానికెత్తుకుని బరువు చూసుకున్నాడు. "రాళ్ళు పెట్టావేమిటే ఇందులో?" అన్నాడు. తర్వాత అందరిలాగే "క్షేమంగా ఉండు," అన్నాడు. "క్షేమంగా వెళ్ళు," అన్నాను. ఇసుకలో ట్రక్కు రెండుసార్లు జారి, పట్టు దొరకగానే వెళ్ళిపోయింది. సీతాకోకలు దాని పైనుంచి, పక్కల నుంచి, అదే వైపు పోయాయి. కంచె మీద చిరిగిన దుప్పటి మీద ఇంకా కొన్ని వాలే ఉన్నాయి. నేను దాన్ని తీయలేదు.

ఆ సాయంత్రమే రోలు కడిగాను. మొదటిది డాక్టరు అడిగిన ఫోటోనే. చెట్టు నిండా సీతాకోకలు, ప్రతి రెక్క మీదా నరాలు సూదితో గీసినట్టు ఉన్నాయి. వాటి మధ్య టోపీ పెట్టుకున్న ఒక నల్లటి ఆకారం ఉంది. ముఖం ఉండాల్సిన చోట నెగెటివులో ఏమీ లేదు, ఉత్త గాజులా ఉంది. కాగితం మీదికి ఎన్నిరకాలుగా ఎత్తడానికి చూసినా బూడిద మంచు వచ్చింది కానీ ముక్కు రాలేదు. రెండోది అంతా తెలుపు. చెట్టు లేదు, సీతాకోకలు లేవు. ఆ తెలుపులో ఒక చెవి, చెవి వెనక చిన్న మచ్చ, మెడ మీద చెమట, చెంప కొంచెం. అవి మాత్రం ముట్టుకుంటే తడి అంటేలా ఉన్నాయి.

తూతో వాళ్ళమ్మ చూడటానికి వచ్చింది. మొదటిది చూసి, "పిండి కాదు, సీతాకోకలే," అని ఒప్పుకుంది. రెండోది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"చెవి బాగా వచ్చింది పిల్లా," అంది చివరికి.

"తిరిగొచ్చాక ముఖం తీస్తాను."

"తియ్యి. కాళ్ళు కట్టేసి తీద్దాం. నేను పట్టుకుంటా."

వర్షాలు వెనకబట్టాక షావుకారు లారీ వచ్చింది. ఒక రోలు కెమెరాలో ఎక్కించి ఉంచాను. దాంతో ఎవరికీ తీయలేదు, ఎవరడిగినా ఫిల్ము లేదన్నాను. నీలం గోడ ముందు స్టూలు వేసి, వెలుతురు ఎప్పుడు బాగుంటుందో రోజూ చూసుకునేదాన్ని. కూర్చునేవాడు లేడు కాబట్టి నా అరచేతినే స్టూలు మీద పెట్టి కొలిచేదాన్ని. పొద్దు దిగుతున్నప్పుడు, కిటికీ సగం మూస్తే, ముఖానికి బాగుంటుంది. ట్రక్కు చప్పుడు వినిపించిందనుకుని మధ్య మధ్య బయటికి వెళ్ళి చూసేదాన్ని. ఎక్కువసార్లు అది గాలి.

మే నెలలో, మా చలికాలం మొదట్లో డాక్టరు వచ్చాడు. వేరే బండిలో, ఒక్కడే, తానే నడుపుకుంటూ. దిగగానే తన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అలా టోపీ తీయడం చూడగానే నాకు అర్థమైంది, అయినా కాఫీ పెట్టాను.

సీతాకోకలు తూర్పు సరిహద్దులోని షాషే నది దాటాయట. అవతల వేరే దేశం, అక్కడ యుద్ధం జరుగుతోంది. దాటవద్దని ఆయన అన్నాడట. నది ఇసుకలో నీళ్ళు ఇంకా చీలమండల లోతే ఉన్నాయి, అవతలి గట్టు చెట్లలో అవి ఆగాయో లేదో చూసి వచ్చేస్తానని ఒలెబిలే వల పట్టుకుని నడిచి వెళ్ళాడట. గట్టెక్కి చేయి ఊపాడట. తర్వాత ఎక్కడో దూరంగా తుపాకుల చప్పుడు వినిపించిందట. రాత్రంతా పైన వాన పడి, తెల్లారేసరికి నది నిండిపోయిందట. డాక్టరు హారను కొట్టుకుంటూ, నీళ్ళు తగ్గేదాకా అక్కడే ఉన్నాడట. సైనికులు వచ్చి వెళ్ళగొట్టారట. సంచి మాత్రం తెచ్చి ఇచ్చాడు. విప్పి చూశాను. దుప్పటి పైనే ఉంది. కాఫీ సీసాకు చుట్టిన తాడు నేను కట్టినట్టే ఉంది.

"అతను ఆ ఫోటో గురించి చెబుతూనే ఉండేవాడు," అన్నాడు డాక్టరు. "ఈసారి వచ్చుంటుంది, మా ఆవిడకు ఆ కిటుకు తెలిసిపోయింది అనేవాడు."

తెచ్చి ఇచ్చాను. జేబులోంచి భూతద్దం తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం మారింది. "ప్రతి నరం ఉందమ్మా," అన్నాడు. "ఒక్కటి కూడా పోలేదు." తర్వాత భూతద్దం ఆ నల్లటి ఆకారం మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆయన భూతద్దాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గోడకున్న రెండోది చూసి, "ఇది వెలుతురు ఎక్కువై ఓవర్ అయిపోయింది కదా," అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అవును," అన్నాను.

ఫోటో ఆయన తీసుకెళ్ళాడు. ఎక్కడో అచ్చయిందని తర్వాత ఉత్తరం వచ్చింది. చెవి నా దగ్గరే ఉంది. ఎండ తగలకుండా గోడ మార్చాను. గదిలోకి వచ్చేవాళ్ళు ఇదేమిటని అడిగితే మా ఆయన అని చెబుతాను. ముఖమేది అంటారు చిన్నపిల్లలు. పెద్దవాళ్ళు అడగరు. తూతో వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ అతని ముక్కు ఎలా ఉండేదో నేను ఆమెను అడుగుతుండేదాన్ని. ఆమె తన ముక్కు పట్టుకుని చూపించేది, ఇక్కడ కొంచెం వెడల్పు, ఇక్కడ కొంచెం వంపు అని. ఇప్పుడు ఆమె కూడా లేదు.

వానలు పడ్డ ఏడు అవి ఇంకా వస్తూనే ఉన్నాయి. మీటరు ఎప్పుడో చెడిపోయింది, ఇప్పుడు నాకు దాని అవసరం లేదు. రెక్కలకు పదహారు, ముఖానికి ఎనిమిది. నా దగ్గరికి ఎవరైనా ప్రయాణం రోజున వచ్చినా తీస్తాను. ఊరు ఏమనుకున్నా సరే. ఇటు చూడు, నన్నే చూడు అని గట్టిగా చెబుతాను. వాళ్ళు చూస్తారు.

ఒలెబిలే 1978 ఫిబ్రవరిలో షాషే నది దాటాడు. తిరిగి రాలేదు.